ప్రమాదం చిటికెడు, ఇబ్బంది బండెడు

"ఎక్కడికి పంపినా వెళ్తాను ప్రభువా" అని పాడే తెలుగు సంఘాలు మన ఒడిశాలోని రాయగడలో, గుణుపురంలో, జయపురంలో తక్కువేమీ లేవు. ఆ "ఎక్కడికి" అన్నది మన కళ్లకు ఎప్పుడూ దూరంగానే కనిపిస్తుంది. అడవో, కొండో, భాష రాని ఊరో. వీధి చివరింట్లో కాలికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చునే తాత దగ్గరికి వెళ్లమంటే మాత్రం, "మన జాగ్రత్తలో మనం ఉండాలి కదండీ" అంటాం. ఈ టపా ఆ జాగ్రత్త గురించే. కుష్ఠు వచ్చి, మందులతో నయమై, కాళ్లూ చేతులూ మొద్దుబారి మిగిలిపోయినవాళ్ల ఇళ్లకు సంఘం తరఫున వెళ్లేవాళ్ల కోసం, వెళ్దామనుకుని గడపలో ఆగిపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ పనిలో మన ప్రాణానికి వచ్చే ముప్పు చాలా తక్కువ. పోయేది సుఖం, పరువు, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర. ఆ మూడూ వదులుకోలేక ముప్పు పేరు చెప్తుంటామన్నది నా అభిప్రాయం.

ముందు ముప్పు ఎంతో కొలుద్దాం. కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. పాపం వల్ల, శాపం వల్ల రాదని తేలి నూట యాభై ఏళ్లు దాటిందన్నమాట. చాలా నిదానంగా పెరిగే జీవి అది. ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. మందు మొదలుపెట్టని రోగి ముక్కు, నోటి తుంపర్ల నుంచి, అదీ నెలల తరబడి దగ్గర దగ్గరగా మెలిగినవాళ్లకే అంటుకుంటుంది. నూటికి తొంభై మందికి పైగా దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ముందు జాగ్రత్త మాత్ర ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ "దగ్గరివాళ్లు" అని ఎవరిని లెక్కేస్తుందో చూడండి: వారానికి ఇరవై గంటల చొప్పున కనీసం మూడు నెలలు కలిసి గడిపినవాళ్లను. వారానికోసారి గంటసేపు వెళ్లొచ్చే మనం ఆ లెక్క దరిదాపుల్లో కూడా లేం. అంతగా మెలిగే ఇంటివాళ్లకు రిఫాంపిసిన్ ఒక్క మోతాదు, పెద్దలకైతే 600 మిల్లీగ్రాములు, ప్రభుత్వమే ఇస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, టీబీ అనుమానం ఉన్నవాళ్లకు ఇవ్వరు.

ఇక మందులు. 1981లో వచ్చిన ఎండీటీ, అంటే కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స, ఈ జబ్బు కథే మార్చేసింది. నెలకోసారి రిఫాంపిసిన్ 600, క్లోఫాజిమిన్ 300 ఎదురుగా మింగిస్తారు. రోజూ డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50 ఇంట్లో వేసుకోవాలి. మచ్చలు ఐదు లోపైతే ఆరు నెలలు, అంతకు మించితే పన్నెండు నెలలు. మొదటి మోతాదుకే క్రిముల్లో చాలా భాగం చచ్చిపోతాయి, ఇంకొకరికి అంటించే శక్తి కొద్దిరోజుల్లోనే పోతుంది. గుమ్మంలో కూర్చున్న ఆ తాత ఎప్పుడో కోర్సు పూర్తి చేసినవాడైతే ఆయన కాలి పుండులో కుష్ఠు క్రిమి ఉండదు. ఆ పుండు చచ్చిపోయిన నరాల వల్ల వచ్చింది. షుగరు ముదిరిన మన పిన్నికో, పెదనాన్నకో వచ్చే అరికాలి పుండూ ఇదే జాతి. దానికి దూరంగా పారిపోం కదా.

2005 చివరికి దేశం మొత్తం మీద కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని, అంటే కేసులు బాగా తగ్గాయని, ప్రకటించారు. జబ్బే పోయిందని చాలామంది అనుకున్నారు. కొత్త కేసులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి, మన ఒడిశాలోనూ, అటు మహారాష్ట్రలో చంద్రపూర్, గడ్చిరోలి వైపూ.

కోరాపుట్, రాయగడ కొండల్లో తిరిగేవాళ్లు నిజంగా భయపడాల్సింది దోమకి. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలకు ఈ జయపురం ప్రాంతంలో ఎదురైన మొదటి శత్రువు మలేరియానే. దోమే దాన్ని మోస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897లో తేల్చేదాకా దాని నుంచి ఎలా కాచుకోవాలో సరిగ్గా తెలియదు. మనకు తెలుసు. కొండ ఊళ్లో రాత్రి ఉండాల్సి వస్తే మందు పూసిన దోమతెర మోసుకెళ్లండి, దాని అంచు పరుపు కిందకి దోపండి. వచ్చాక జ్వరం తగిలితే ఆ రోజే ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ దగ్గర వేలికి గుచ్చి చూసే పరీక్ష చేయించుకోండి. "ప్రభువు కాపాడతాడు" అని తెర వదిలేసి వెళ్లడం విశ్వాసం కాదు, బద్ధకం. పౌలును దమస్కులో గోడ మీంచి గంపలో దించి తప్పించారు. పిరికివాడని ఎవరూ రాయలేదు.

సరే, ముప్పు లెక్క తేలింది. మిగిలిన ఇబ్బంది లెక్క చూద్దాం. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని బాగుచేసిన చోట మన ప్రసంగాలు స్వస్థత మీదే నిలబడతాయి. వరుస చూడండి: ముందు చెయ్యి చాపి ముట్టాడు, తర్వాత మాట అన్నాడు. ఆ అధ్యాయం ఆఖరున బాగుపడినవాడు ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు, యేసు ఊళ్లోకి బాహాటంగా రాలేక బయట అరణ్య ప్రదేశాల్లో ఉండిపోయాడు. చోట్లు తారుమారయ్యాయి. ఈ పనికి పూనుకున్నవాళ్లకి కొంచెం అలాగే అవుతుంది. "అక్కడికెళ్లొచ్చి మా ఇంట్లో నీళ్లు తాగుతున్నారు" అని పక్కింట్లో గొణుగుడు మొదలవుతుంది. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇల్లయితే మేనత్త వరస వాళ్లు ఇంటికొచ్చి మరీ చెప్తారు. కాబట్టి మొదటిసారి వెళ్లకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పైన రాసిన లెక్క చెప్పండి. దొంగచాటుగా వెళ్తే అదే పెద్ద వార్త అవుతుంది. భార్యాభర్తల్లో ఒకరు ఒప్పుకోకపోతే ఆ నెల ఆగడమే మంచిది. ఇంట్లో పోట్లాటతో మొదలైన సేవ మూడో వారం దాకా నిలవదు.

వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. ఆడవాళ్ల ఇంటికైతే ఇద్దరిలో ఒకరు ఆడమనిషి ఉండాలి. రోజు ఒకటి ఖాయం చేసుకోండి: మొదటి నెల వారం వారం, తర్వాత నెలకోసారి. సంచిలో చీలమండ దాకా మునిగే బేసిన్, ఏటి గట్టున దొరికే గరుకు రాయి, పావు లీటరు నూనె, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర ముక్కలు, గాజుగుడ్డ, సబ్బు, రెండు జతల గ్లౌజులు, బాల్ పెన్ను, నోటు పుస్తకం. వాక్యం కరపత్రాలు ఇంట్లోనే ఉంచండి, ఎందుకో కింద చెప్తాను.

అసలు పని కాలి దగ్గర. నేల మీద పాదాల ముందు కూర్చోవాలి. కుర్చీలో కూర్చుని వంగి చూస్తే పెద్దాయనకి ఇబ్బంది, మనకి సరిగ్గా కనిపించదు. "తాతా, కాలిటివ్వండి" అని అడిగి, మన తొడ మీద పెట్టుకుని, ముందు చేతి వెనక భాగాన్ని ఆయన అరికాలికి ఆనించి మడమ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా జరపండి. రెండో కాలికీ అలాగే. ఒకచోట వేడిగా తగిలితే చర్మం బాగున్నట్టు కనిపించినా లోపల కండ నలిగిందని అర్థం. ఇంకో నాలుగు రోజులు అలాగే నడిస్తే అక్కడే పుండు లేస్తుంది. ఆయనకి నొప్పి తెలియదు, కాబట్టి ఆయన పోగొట్టుకున్న స్పర్శకు బదులు పనిచేసేది మన చెయ్యే. గ్లౌజు వేసుకుంటే ఈ తేడా సరిగ్గా అందదు. అందుకే తెగని చర్మం మీద గ్లౌజు వద్దు. పుండు ఉంటే వేసుకోవాలి, అదీ మన గోళ్లలోని మురికి ఆయన పుండులోకి పోకుండా. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

తర్వాత నానబెట్టడం. మామూలు చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు. వేడినీళ్లు పొరపాటున కూడా వద్దు. ఆయన కాలికి కాగే నీళ్లకీ గోరువెచ్చటి నీళ్లకీ తేడా తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు. ఉప్పు, డెటాల్ అక్కర్లేదు. చెమట పట్టించే నరాలు కూడా చచ్చిపోవడంతో పాదం ఎండిపోయి బెరడు కడుతుంది. ఆనెకాయలు గట్టిపడి, నడిచినప్పుడల్లా లోపలి కండని నలగ్గొడతాయి. నానాక రాయితో ఆనెని మెల్లగా రుద్ది పలచన చేయాలి. ఒక్కరోజులో అంతా తీసేద్దామనుకుంటే రక్తం కళ్లచూస్తారు. బ్లేడు, కత్తి ముట్టుకోవద్దు. నీళ్లు కారిపోయేలా అద్ది, పూర్తిగా తుడవకుండా తడి మీదే నూనె రాయండి. నూనె చేసే పని ఆ తడిని లోపల పట్టి ఉంచడమే. పొడి కాలికి రాస్తే మెరుపు తప్ప ఏమీ మిగలదు. కొబ్బరి నూనె, ఆవనూనె, ఇంట్లో ఏది ఉంటే అది. ఖరీదైన క్రీమ్ అలవాటు చేస్తే అయిపోయిన రోజున పని ఆగిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాత్రిపూట నూనె రాసుకుని పడుకుంటే ఎలుకలొస్తాయి. మొద్దుబారిన వేళ్లను కొరికినా తెలియక, తెల్లారి రక్తం చూసి లేచేవాళ్లున్నారు. ఈ పని పగలే పెట్టుకోండి, పడుకునే ముందు పాదాలకు మేజోళ్లు తొడిగించండి, దోమతెర నాలుగు వైపులా దోపండి. పిల్లిని పెంచుకోమని వెనకటి కుష్ఠు ఆసుపత్రుల్లో చెప్పిన సలహా నవ్వులాట కాదు.

కోరాపుట్ వైపు చలికాలంలో ఇంకో దెబ్బ నెగడు. కాళ్లు చాపుకుని కూర్చుంటే అరికాలు కాలిపోతుంది. చేతి వేళ్లు బీడీకీ, గిన్నె అంచుకీ కాలతాయి. టీ గ్లాసుకి గుడ్డ తొడుగు, గరిటెకి పొడుగు చెక్క పిడి అమర్చిపెడితే సగం పుండ్లు రావు.

చెప్పుల సంగతికి వస్తే ఎమ్‌సీఆర్ అనే మెత్తటి రబ్బరు లోపల, గట్టి అడుగు బయట, మడమ వెనక పట్టీ, ఎక్కడా మేకు ఉండకూడదు. ప్రభుత్వం ఏడాదికి రెండు జతలు ఉచితంగా ఇస్తుంది. చాలామంది తీసుకుని అటక మీద పెట్టేస్తారు. ఆ నల్ల చెప్పులు చూడగానే సంతలో అందరికీ తెలిసిపోతుందని. వాళ్లని తిట్టి లాభం లేదు. చెప్పులు కుట్టే ఆయన చేత అదే ఎమ్‌సీఆర్ రేకుని మామూలు సాండల్‌లో జిగురుతో అతికించవచ్చు. కొత్త జత మొదటి రోజు రెండు గంటలే తొడిగి విప్పి, ఎర్రబడ్డ చోటు ఉందేమో చూడండి. తొడిగే ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి ముల్లో రాయో ఉందేమో తడమడం అలవాటు చేయాలి. చేతికి కూడా స్పర్శ లేనివాళ్లైతే బోర్లించి దులపాలి, కంటితో చూడాలి.

పెన్ను, నోటు పుస్తకం ఎందుకంటే స్పర్శ గుర్తు పెట్టుకోవడానికి. కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో బొటనవేలు, దాని కింది మెత్త, చిటికెనవేలి కింద, మడమ మీద తేలిగ్గా తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమనండి. పాదం బొమ్మ గీసి తెలిసినచోట టిక్కు, తెలియనిచోట ఇంటూ పెట్టండి. పోయిన నెల టిక్కు ఉన్నచోట ఈ నెల ఇంటూ పడిందా, ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మచ్చలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బినా, మోచేతి దగ్గర నరం లాగినా, చిటికెనవేలు వంకర పోవడం మొదలైనా, కన్ను పూర్తిగా మూతపడకపోయినా అంతే. దీన్ని రియాక్షన్ అంటారు. మొదలై ఆరు నెలల లోపైతే ప్రెడ్నిసొలోన్‌ అనే మందుతో నరాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు. డాక్టరే మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. కాస్త బాగుందని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. రియాక్షన్ వస్తే ఎండీటీ వికటించిందనుకుని ఆపేస్తారు, అది తప్పు. రెండూ కలిసి సాగాలి. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే మాత్రలు చెత్తకుండీలోకి పోతాయి. మొదటి రెండు నెలల్లో ఒంటినిండా దద్దురు, కళ్లు పచ్చబడటం, బాగా పాలిపోవడం కనిపిస్తే మాత్రం డాప్సోన్ పడలేదేమో, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్ని వారాలు కాలు పట్టుకుని కూర్చున్నాక ఆదివారం ఆ తాత ఆరాధనకి వస్తాడు. ఇప్పుడు సంఘం మొత్తానికి పరీక్ష. ప్రభువు బల్ల దగ్గర ఆయనకి విడిగా గ్లాసు పెట్టే సంఘాలున్నాయి. ఆయన ఆఖర్న తీసుకునేలా వరస మార్చే పెద్దలున్నారు. చికిత్స అయినవాళ్ల నుంచి పాత్ర ద్వారా కుష్ఠు రాదు. అందరికీ ఒకే పాత్ర అయితే ఆయనకీ అదే, అందరికీ చిన్న గ్లాసులైతే ఆయనకీ అవే. ఒక్కరికి మాత్రం వేరేగా అనేది ఉండకూడదు. పాస్టరు గారు ఆయన పక్కనే నిలబడి ఆయన తర్వాత తీసుకుంటే ఒక్క వారంలో సద్దుమణుగుతుంది. ప్రేమ విందులో వంట దగ్గర ఆయన భార్యను కూరలు తరగనిస్తున్నారా లేదా అన్నది అంతకంటే కఠినమైన పరీక్ష, అక్కడ మన ఆడవాళ్ల మాటే చెల్లుతుంది. పాస్టరమ్మ గారు పక్కన పీట వేసుకుని కూర్చుంటే చాలు.

కరపత్రాల మాట. ఒడిశాలో 1967 నుంచి మత స్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడం నేరం. కట్టుకట్టడాన్నీ బాప్తిస్మాన్నీ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగితే మనల్నే కాదు, ఆ ఇంటివాళ్లనీ ఇరకాటంలో పెడతాం. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి: కాలు కడగడానికి షరతు ఉండకూడదు. వాళ్లడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే కాలు కడిగి రండి. హిందువుల ఇళ్లకీ, ఏ సంఘమూ లేని ఇళ్లకీ అదే వారం, అదే బేసిన్.

ఒడిశాలో ఈ పని అనగానే గ్రాహం స్టెయిన్స్ పేరు వస్తుంది. మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు ఆశ్రమం నడిపిన ఆస్ట్రేలియా ఆయన. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతుండగా నిప్పుపెట్టి ఆయన్నీ, ఇద్దరు కొడుకుల్నీ సజీవ దహనం చేశారు. ప్రసంగాల్లో ఆ రాత్రినే పదే పదే చెప్తారు. నాకు ఆ తర్వాతి ఐదేళ్లే ఎక్కువ పనికొస్తాయి. భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని చెప్పి, కూతురితో అక్కడే ఉండి, ఆశ్రమాన్ని నడిపించి, 2004లో వెళ్లారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. అటు మహారాష్ట్ర వరోరాలో బాబా ఆమ్టే కూడా వానలో పడి ఉన్న తులసీరాం అనే రోగిని చూసి మొదట భయపడి వెళ్లిపోయినవారే. మనసు ఒప్పక తిరిగొచ్చి, అతను చనిపోయేదాకా చూసుకున్నారు. కలకత్తా వెళ్లి చికిత్స నేర్చుకున్నారు. 1951లో ఆనందవనం అలా మొదలైంది. ధైర్యం వచ్చేదాకా ఆగినవాళ్లు కాదు వీళ్లు.

బెదిరింపు లాంటిది ఎదురైతే మొండికి పోకండి. ఆ వారం వెనక్కి వచ్చేయండి, ఊరి పెద్దకీ ఆశా దీదీకీ చెప్పండి, తర్వాత పగటిపూట ఆమెతో కలిసి వెళ్లండి. అలాగే పనివాళ్ల ఒళ్లు కూడా లెక్కలోకి రావాలి. ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్తే పౌలు అతన్ని అక్కడే అరగదీయలేదు, ఇంటికి పంపి గౌరవంగా చేర్చుకోమని రాశాడు. రెండు మూడు నెలలకోసారి జతలు మార్చండి. అలసిపోయానని ఎవరైనా చెప్తే దాన్ని సాక్ష్యం తగ్గినట్టు చూడకండి.

ఇంట్లో చేయకూడని పని ఒకటుంది. పుండు వాసన వస్తున్నా, చీము కారుతున్నా, చుట్టూ ఉబ్బి వేడిగా ఉన్నా, గజ్జల్లో బిళ్ల కట్టినా, జ్వరం తగిలినా, అడుగున తెల్లగా ఎముక కనిపించినా మన గాజుగుడ్డతో అయ్యేది కాదు. జిల్లా ఆసుపత్రికో, సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికో తీసుకెళ్లాలి. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా, కోరాపుట్ వైపు నుంచైతే సుంకి ఘాటు దిగి వెళ్తారు. చీటీ రాసిచ్చి బస్సెక్కించడం సరిపోదు. కండక్టరు దించేసిన సందర్భాలు ఉంటాయి, ఒక్కరే ఉంటే మధ్యలోనే తిరిగొచ్చేస్తారు. పక్క సీట్లో మనం కూర్చోవాలి. ఆధార్, పాత ఎండీటీ కార్డు, మన నోటు పుస్తకంలోని పాదం బొమ్మలు, రెండు జతల బట్టలు, దుప్పటి. అక్కడ కువి, సవర భాషలు తప్ప రానివాళ్లకి మాట సాయం చేసే మనిషి ఉండాలి. పుండు మానడానికి వారాలు పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజే ఆ ఇంట్లో మేకల్ని ఎవరు తోలుకెళ్తారో, రేషను ఎవరు తెస్తారో సంఘంలో పేర్లు రాసుకుని ఆ కాగితం ఆయన చేతికివ్వాలి. చాలామంది మంచం దిగి పారిపోయి వచ్చేది మేకల బెంగతోనే.